మిగులు టమాటా, తరగని శిక్షణ

విశాఖ చుట్టుపక్కల పల్లెల్లో కూరగాయలు మిగిలిపోతున్నాయన్న సంగతి ఎట్టకేలకు అధికారుల దృష్టికి వచ్చింది. సరిగ్గా మార్చి నెలాఖరున, బడ్జెట్ కూడా మిగిలిపోయిందని తేలిన రోజున. అంతే, శిక్షణ!

ఆనందపురం, పద్మనాభం వైపు డ్వాక్రా మహిళలను బస్సెక్కించి బీచ్ రోడ్డులో ఏసీ హాలుకు తెచ్చి, ముక్కలు కోసి ఎండబెట్టడం ఎలాగో తెర మీద చూపించారు. వంకాయ ఒరుగులు, గుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు పెట్టడంలో చేతులు పండిపోయిన ఆడవాళ్లు ఎంతో ఓపిగ్గా విన్నారు. గౌరవం కొద్దీ అనుకునేరు, ఏసీ బాగుంది.

శాస్త్రాన్ని తక్కువ చేయకూడదు. టమాటాలో దాదాపు 94 శాతం నీరే. వంద కిలోలు ఎండబెడితే ఆరు కిలోల పొడి వస్తే గొప్ప. అడిగే నాథుడు లేక గట్టు మీద పారబోసే రోజుల్లో అదీ లాభమే. కానీ విశాఖ ఉక్కకు వేయించిన అప్పడమే చూస్తుండగా మెత్తబడుతుంది. ఇక ఆ పొడి, కవర్లో పోసి సీలు వేసేలోగా ముద్ద కట్టదా? ఈ ముక్క స్లైడుల్లో లేదు. వాటిని ఏ అనంతపురంలోనో తయారుచేసి ఉంటారు.

శిక్షణ జూలైలో పడితే ఇంకా వినోదం. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటితే ప్రభుత్వమే రైతు బజార్లలో 50 రూపాయలకు అమ్మింది. అలాంటప్పుడు మిగులు టమాటా క్లాసుకు కావలసిన మిగులు టమాటాను క్యూలో నిలబడి కొనుక్కురావాలి.

డబ్బుకేం లోటు లేదు. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ. మిగతాదానికి బ్యాంకుకు వెళ్తే, సరుకు ఎవరు కొంటారని అడుగుతుంది. "ఎండబెట్టీసి పొడి కొట్టీడం మాకొచ్చు గానీ, కొనీవోలెవులు బాబూ?" అని ఓ పెద్దమ్మ కూడా అదే అడిగింది. "మార్కెటింగ్ సెషన్ మూడో రోజమ్మా" అన్నారు. మూడో రోజు సర్టిఫికెట్లు పంచి గ్రూప్ ఫొటో తీశారు. నిజం చెప్పొద్దూ, బూజు పట్టనిదీ ఎక్స్‌పైరీ లేనిదీ ఆ సర్టిఫికెట్ ఒక్కటే.

టమాటా సాస్ క్లాసు అయ్యాక టీ, సమోసా ఇచ్చారు. పక్కనే ఏదో పెద్ద కంపెనీ సాస్ ప్యాకెట్. పెద్దమ్మ దాని మూల పళ్లతో చింపి, నాలిక్కి రాసుకుని, "పంచదార ఎక్కువైపోనాది" అని తీర్పు చెప్పింది.

అందుచేత ప్రభుత్వానికి నాదొక మనవి. చేయడం నేర్పింది చాలు, ఇక కొనడంలో శిక్షణ మొదలుపెట్టండి. హాస్టళ్లకు, క్యాంటీన్లకు సరుకులు తెప్పించేవాళ్లను పిలవండి. మొదటి బ్యాచ్‌లో మాత్రం శిక్షణలకు టిఫిన్లు ఆర్డరు పెట్టే అధికారులే ఉండాలి. టీఏ, డీఏ ఇవ్వొచ్చు, అభ్యంతరం లేదు. వేదిక ఆనందపురం అవతల, ఏసీ లేని రేకుల షెడ్డులో, మే నెలలో.