జి. కార్ స్ట్రీట్‌లో కారెక్కడ?

పోయినేడు, సొంతూళ్ళకు దూరంగా ఉంటున్న మన తెలుగువాళ్ళ సంఘంలో ఒకాయన కుటుంబంతో తిరుపతి వెళ్తూ, తిరుగు విమానం పొద్దున్నే ఉందని ‘ఎయిర్ బైపాస్ రోడ్డు’లో గది తీసుకున్నారు. పేరులోనే ఎయిర్ ఉంది, విమానాశ్రయం పక్కనే ఉంటుందని ధీమా. విమానాశ్రయమేమో రేణిగుంట దగ్గర. ఆ రోడ్డు పేరులోని ఎయిర్, ఆలిండియా రేడియో. అక్కడ ఆకాశవాణి కేంద్రం ఉంది. మూడు ఇంగ్లీషు పొడి అక్షరాలను కలిపి చదివేసరికి అది ఎయిరై కూర్చుంది. విమానం తప్పలేదు గానీ, చీకట్లో లేచి పరుగెత్తిన ఆయనకు నా మీద ఇంకా కోపమే. తిరుపతివాడివి, ముందే చెప్పొద్దా అంటారు.

వీధుల పేర్లు మారుస్తున్నారని అన్ని ఊళ్ళలో గొడవలు జరుగుతుంటాయి. మా ఊళ్ళో పేర్లు మార్చి పోగొట్టుకున్నవాటికంటే, పొడి అక్షరాలు చేసి పోగొట్టుకున్నవే ఎక్కువని నా లెక్క. కపిలతీర్థం రోడ్డు కె.టి. రోడ్డయింది. తీర్థకట్ట వీధి టి.కె. స్ట్రీట్. ముత్యాలరెడ్డిపల్లె ఎమ్మార్‌పల్లె. గోవిందరాజస్వామి గుడి దక్షిణ మాడ వీధి జి.ఎస్. మాడ స్ట్రీట్. అన్నిటికన్నా వింత జి. కార్ స్ట్రీట్. జి అంటే గోవిందరాజస్వామి. కార్ అంటే తేరు. గుడి రథాన్ని మద్రాసు రోజుల ఇంగ్లీషులో టెంపుల్ కార్ అనేవాళ్ళు. తెలుగులో హాయిగా తేరువీధి. తిరుపతిలో కాక ఇక్కడే పుట్టి పెరిగిన మా అబ్బాయి పార్సిల్ మీద ఆ అడ్రసు చదివి, అక్కడ కార్లు అమ్ముతారా నాన్నా అన్నాడు. నవ్వాను. ఆ రాత్రే గుర్తొచ్చింది, ఇంటర్ దాకా నేనూ దాని గురించి ఒక్కసారీ ఆలోచించలేదని.

మాడ అన్న మాటా అంతే. తమిళంలో మాడం అంటే మేడ. గుడి చుట్టూ మేడలుండే వీధులు మాడ వీధులు. 1130లో రామానుజులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి, గుడి చుట్టూ ఊరు కట్టించారని చెబుతారు. ఆ లెక్కనే 2022లో ఫిబ్రవరి 24న తిరుపతికి 892వ పుట్టినరోజు చేశారు. అప్పుడు ఆ ఊరు గోవిందరాజపట్నం, తర్వాత రామానుజపురం. అంటే ఈ నాలుగు వీధులు తిరుపతి అన్న పేరుకంటే పాతవి. అంతటి వీధుల్ని రెండు ఇంగ్లీషు అక్షరాల్లోకి కుదించాం.

పేర్లు అరగడం మామూలే కదా అంటారేమో. నిజమే, కానీ నోట్లో నలిగి అరగడం వేరు, కత్తెరేసి కోయడం వేరు. అలిపిరి చూడండి. అది ‘అడిప్పుళి’ అని పెద్దలంటారు. అడి అంటే కింద, పుళి అంటే చింత. కొండ అడుగున చింతచెట్టు. ఆ నీడనే రామానుజులు మేనమామ తిరుమలనంబి దగ్గర రామాయణ రహస్యాలు విన్నారని కథ. ఎన్ని నోళ్ళలో నానినా ఆ మాటను కాస్త విప్పితే చింతచెట్టు కనబడుతుంది. టి.కె.ని ఎంత విప్పినా ఏముంది, టి, కె.

పాత పేర్లలో నాకు బాగా నచ్చేవి నీళ్ళ పేర్లు. తాతయ్యగుంట, కొర్లగుంట, కపిలతీర్థం, తీర్థకట్ట, రాయలచెరువు రోడ్డు. గుంట అన్నారంటే అక్కడ నీళ్ళు నిలుస్తాయని చెప్పినట్టే. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలు బిక్కుబిక్కుమన్నప్పుడు, ఇక్కడ ఫోన్లో వీడియోలు చూస్తూ నేను ఈ పేర్లే ఒక్కొక్కటీ తలుచుకున్నాను. తాతయ్యగుంటను ఎవరూ టి.జి. చేయలేదు. అది అక్కడి గ్రామదేవత గంగమ్మ చలవ. ఏటా జాతర, వేషాలు, కొండ మీదినుంచి వెంకన్న చెల్లెలికి సారె. పలికే పనున్నంతకాలం పేరు నిలబడింది.

నేనేమీ పత్తిత్తును కాను. మా అమ్మతో మాట్లాడేటప్పుడు ఎమ్మార్‌పల్లె అనే అంటాను. రోజూ ఏడక్షరాల పల్లె పేరు పలకాలంటే ఎవరికి ఓపిక? నోటితో ఏమన్నా ఫరవాలేదు, గొడవంతా బోర్డుతోనూ, మ్యాపుతోనూ, ఆధార్ కార్డుతోనూ.

మనుషులకూ ఈ తిప్పలు తప్పలేదు. ఏలూరు సర్ సి.ఆర్. రెడ్డి కాలేజీలో చదివినవాళ్ళు మనలో ఉన్నారు. ఆ ‘సి’ చిత్తూరును ఆనుకుని ఉన్న కట్టమంచి, ఆయన ఇంగ్లీషు పేరులో దాన్ని సితో రాస్తారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయిన రామలింగారెడ్డిగారితో పాటు ఊరు ఊరంతా ఒక్క అక్షరంలో దూరిపోయింది.

మన సంఘాలు సొంతూళ్ళకు డబ్బు పంపిస్తాయి. ఆర్చీలు కట్టిస్తాయి, వాటి మీద దాతల పేర్లు, వాళ్ళ నాన్నల పేర్లు, అందులోనూ పొడి అక్షరాలే. ఈసారి ఆర్చీ వద్దు. కార్పొరేషను ఒప్పుకుంటే, గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న వీధులకు పూర్తి పేర్లతో తెలుగు బోర్డులు పెట్టిద్దాం. ‘తేరువీధి’ అని ఒక్క బోర్డు నిలబెట్టినా నాకు చాలు. దాతల పేర్లు వెనకవైపు రాసుకోవచ్చు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి, కావాలనే “తీర్థకట్ట వీధికి పోవాల” అన్నాను. డ్రైవరు కుర్రాడు వెనక్కి తిరిగి చూశాడు.

“యాడుండాది సామీ అది?”

దారి చెప్పాను.

“టీకే స్ట్రీటని చెప్పొచ్చు గదా సామీ!” అని బండి తీశాడు. గాంధీ రోడ్డు దాటేదాకా ఏమీ మాట్లాడలేదు. అప్పుడడిగాడు. “కట్ట అంటే చెరువుకట్టే గదా. చెరువు యాడుణ్ణింది అక్కడ?”