ఏ దేశం లెక్కలు చెప్పిద్దాం?

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం, లెక్కలు బాగా వచ్చు. ఈ మూడో ముక్క చెప్పగానే మా వైజాగ్ ఎంవీపీ కాలనీలో అందరూ నావైపు జాలిగా చూస్తారు. లెక్కలు రాని పిల్లకైతే ట్యూషన్ పెట్టి చేతులు దులుపుకోవచ్చు. వచ్చిన పిల్లకు కరికులం వెతకాలి. అది పూర్తిగా తండ్రి పని, ఇందులో పిల్ల తలదూర్చకూడదని నా గట్టి అభిప్రాయం.

అందుకే ఎనిమిది నెలలుగా ఎక్సెల్ షీటు నింపుతున్నాను. ఈ ఎనిమిది నెలలూ పిల్లకు లెక్కలు చెప్పే తీరిక మాత్రం దొరకలేదు.

ముందు సింగపూర్ లెక్కలు చూశాను. 1980ల్లో అక్కడి ప్రభుత్వం తయారుచేయించిన పద్ధతి, ముందు వస్తువులు చేతికిస్తారు, తర్వాత బొమ్మ గీయిస్తారు, అంకెలు ఆఖర్న. ఎక్కాలు బట్టీ పట్టకుండా ఇదేం చదువని పక్కన పెట్టాను. తర్వాత అమెరికావాళ్ల శాక్సన్ పుస్తకాలు. రాసినాయన వాళ్ల వైమానిక దళంలో పనిచేసినాయన, రోజూ కాస్త కొత్తది, బోలెడు పాతది, డ్రిల్లు చేయించినట్టే ఉంటుంది. మనది నేవీ ఊరు, ఎయిర్ ఫోర్స్ లెక్కలు ఎందుకులే అనుకున్నాను.

బీస్ట్ అకాడమీ అనే లెక్కల పుస్తకాల దగ్గర మాత్రం పరువు పోయింది. చురుకైన పిల్లల కోసమే చేసినవట, పాఠాలన్నీ రాక్షసుల కామిక్కులే. మూడో స్థాయి పుస్తకంలో నక్షత్రం గుర్తున్న లెక్క ఒకటి రాత్రి పదకొండింటికి మొదలుపెట్టాను, పాల ప్యాకెట్లు వచ్చే వేళకి కూడా తెగలేదు. తండ్రికి రాని లెక్క పిల్లకు అనవసరం అని షీటులో ఎర్రరంగు వేశాను.

గాజువాక మావయ్య ఒకటే మాట, "ఆరో క్లాసు నుంచే ఐఐటి ఫౌండేషన్‌లో పడేయరా, అదే తేలుతుంది." తేలకపోతే ఏంటన్నది ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలైతే తెరవనే లేదు. ఉచితంగా డౌన్‌లోడ్ అవుతాయి. ఉచితంగా వచ్చేదాన్ని చదువని ఎలా నమ్మేది?

ఇంతలో సంక్రాంతి నెల పట్టింది. ఒకరోజు తెల్లారగట్ల మా అమ్మ గుమ్మం ముందు 15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క ముగ్గు మొదలుపెట్టింది. నడుమ 15, అటూ ఇటూ 14, 13, అలా 8 దాకా. పళ్లు తోముకుంటూ నిలబడ్డ పిల్ల బ్రష్ తీసి, "నానమ్మా, మొత్తం 169 చుక్కలు. అంటే 13 పదమూళ్లు. వీటితోనే నలుచదరం ముగ్గు కూడా వెయ్యొచ్చు" అంది. మా అమ్మ తలెత్తకుండానే, "అయితే మళ్లీ అలా కుదిరేది ఎన్ని చుక్కల ముగ్గో చూడు" అంది.

రెండు రోజులు పిల్ల కనపడలేదు. ముగ్గు చుట్టూ ఇంకో చుట్టు చుక్కలు పెడితే 169కి 48 కలపడం, ఆపై చుట్టుకి 54, ఆ పైదానికి 60, కలిపినప్పుడల్లా అది నలుచదరం సంఖ్యేనా అని చూసుకోవడం. కాగితాలు ఎక్కడివా అని చూస్తే నా ఎక్సెల్ ప్రింటౌట్ల వెనక వైపు. మూడోరోజు పొద్దున్న తెచ్చి చూపించింది: 32,761 చుక్కలు, 181 నూటఎనభైఒక్కలు. నడి వరసలో 209.

సరే, పిల్ల ఇప్పుడు ఏ స్థాయిలో ఉన్నట్టు? ఆ పాఠం ఏ కరికులంలో ఎన్నో పేజీ? ఇది తేలకుండా మెచ్చుకుంటే పిల్ల చెడిపోతుందని రాత్రంతా వెతికాను. దొరికింది. 2024లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి గణిత ప్రకాశ్, మొదటి పాఠంలోనే: 1, 7, 19, 37, తర్వాతి సంఖ్య ఏది? ఆ వరసలో 169 ఎనిమిదోది. నేను తెరవని ఆ ఉచిత పుస్తకమే.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. పొద్దున్నే అమ్మ దగ్గరికెళ్లి, 209 చుక్కల ముగ్గు వెయ్యడం అసలు సాధ్యమేనా అనడిగాను.

"మన గుమ్మం ముందు ఏటి పడతాది? బీచ్ రోడ్డు మీద పొద్దున్న బళ్లు ఆపేస్తారు కదా, అక్కడైతే ఎయ్యొచ్చు. ముగ్గు బస్తాలు నువ్వు మొయ్యి, లెక్క అది చూసుకుంటాది."