ముందు బాడీ చూడండి, ఇంజిన్ తర్వాత

పాత కారు కొనేవాళ్లు ముందు ఇంజిన్ చూసుకోవాలని ఎవరో రాశారు, నేనైతే బాడీ అంటాను. మా వీధి డాక్టరుగారి ఫియట్ కిటికీలోంచి తొంగి చూసిన పదేళ్ల వయసు నుంచీ అదే పిచ్చి నాకు, పెళ్లి, పిల్లల చదువులు, ఇంటి లోను అన్నీ అయ్యాక పోయినేడు 1986 ప్రీమియర్ పద్మిని కొన్నాను (మా ఊళ్లో ఎవరూ పద్మిని అనలేదు లెండి, ఫియట్టే). పెయింట్ అద్దంలా మెరుస్తుంటే పడిపోయాను. ఇంటికొచ్చి కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తితే రోడ్డు కనిపించింది! తలుపుల కిందంతా లప్పమే, అంటే తుప్పు చిల్లులు కనపడకుండా పూసే పుట్టీ. చిన్న అయస్కాంతం పట్టుకెళ్లుంటే తెలిసేది, రేకుకి అంటుకుంటుంది, మందంగా లప్పం పెట్టినచోట అంటుకోదు. టింకరింగ్ (రేకు పని) ఖర్చు మా ఆవిడకి ఇప్పటికీ సగమే చెప్పాను.

ఇంజిన్‌దేముంది, 1089 సీసీ, పాతకాలం మెకానిక్ దొరికితే చాలు. ఎండాకాలం మాత్రం ఇంజిన్లోకి పెట్రోలు లాగే పంపు వేడెక్కి బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది, పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే మళ్లీ కదులుతుంది, అందుకే డిక్కీలో ఎప్పుడూ నీళ్ల సీసా ఉంటుంది.

ఇంకోటి, 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి బండి 50 ఏళ్లు దాటాలి. నాలాంటి వాళ్లకి ఐదేళ్లకోసారి మామూలు ఆర్సీ రెన్యువలే. కాగితాలు సరిగా లేకపోతే ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి.

మా అబ్బాయికి స్టీరింగ్ పక్క గేరు ఇంకా అలవాటు కాలేదు, ప్రతిసారీ చెయ్యి కిందకే పోతుంది.