గోదారికున్న పాటి మర్యాద

మా కంపెనీ మీద ఈమధ్య లేనిపోని మాటలు పుడుతున్నాయి. ఉద్యోగుల్ని తీసేస్తోందని, ఇళ్ళకి పంపేస్తోందని అమలాపురంలో టీ కొట్ల దగ్గర చెప్పుకుంటున్నారు. 14 ఏళ్ళుగా ఆ బీమా కంపెనీ ఉప్పు తింటున్నవాణ్ణి, ఖండించకపోతే పాపం చుట్టుకుంటుంది. మా కంపెనీ ఎవర్నీ తీసెయ్యలేదు. మొన్నామధ్య ఒక బుధవారం పొద్దున్న పదకొండింటికి పెద్దాయన ముంబై నుంచి తెరమీదికొచ్చి స్వయంగా చెప్పారు. రీస్ట్రక్చరింగ్ అన్నారు, రైట్ సైజింగ్ అన్నారు, పొరలు తగ్గించుకుని చురుగ్గా తయారవుతున్నాం అన్నారు. నలభై నిమిషాల్లో తీసెయ్యడం అన్న మాట ఒక్కసారి కూడా ఆయన నోట రాలేదు. వెనకాల టీ ట్రే పట్టుకుని నిలబడ్డ మా అటెండరు మాత్రం, "ఇంతకీ ఎంతమందినండీ?" అన్నాడు. అతనికి ఇంగ్లీషు రాదు. అందుకే అంత తొందరగా అర్థమైపోయింది.

ఇంగ్లీషులో ఇన్ని మాటలుండగా తెలుగులో ఒక్కటీ లేకపోవడం మనకే తలవంపులు. కోనసీమ తరఫున ఒకటి సమర్పించుకుంటున్నాను: దింపు. కొబ్బరితోటలో రెణ్ణెల్లకోసారి దింపు తీస్తారు కదా. మనిషి చెట్టెక్కి ముదిరిన గెల చూసి నరుకుతాడు, లేతగెల జోలికి పోడు. మా బ్రాంచిలో జరిగింది అచ్చంగా అదే. జీతం ముదిరినవాళ్ళని దింపారు, నిరుడు చేరిన లేత జీతాలవాళ్ళని చెట్టుమీదే ఉంచారు. కార్మిక చట్టం ఈ విషయంలో తలకిందులుగా మాట్లాడుతుంది. చివర చేరినవాణ్ణి ముందు పంపాలిట, అలా చెయ్యకపోతే కారణం రాసి పెట్టాలిట. ఆ చట్టం రాసినవాళ్ళకి సెంటు కొబ్బరితోట కూడా ఉన్నట్టు లేదు.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకో తప్పు కూడా దిద్దాలి. అందరూ దీన్ని లేఆఫ్ అంటున్నారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో లేఆఫ్ అంటే బొగ్గో, కరెంటో, ముడిసరుకో లేక యజమాని తాత్కాలికంగా పని చూపించలేకపోవడం. మనిషి పేరు మస్టరులోనే ఉంటుంది. పూర్తిగా పంపేస్తే దాని పేరు రిట్రెంచ్‌మెంట్. దానికి నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి, నిండిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం లెక్కగట్టాలి. దాని స్థానంలోకి వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ ముక్క అలాగే ఉంది. అయితే ఇదంతా కార్మికుడికి, మేనేజరు పని చేసేవాడికి కాదు. మా కంపెనీ దూరదృష్టి ఎంతటిదంటే, చేరిన మూడో ఏడాదికల్లా మా అందర్నీ మేనేజర్లని చేసేసింది. కౌంటర్లో చెక్కులు తీసుకునేవాడు డెప్యూటీ మేనేజరు. ఫారాలకి పిన్నులు కొట్టేవాడు అసోసియేట్ మేనేజరు. నా కింద ఉన్నది ఒక ప్రింటరు, అదీ అద్దెది. పేరు కాదు, చేసే పని చూడాలని కోర్టులు చెబుతూనే ఉన్నాయి, నిజమే. కానీ పెళ్ళి శుభలేఖలో పేరు కింద 'మేనేజర్' అని బంగారు అక్షరాల్లో వేయించుకుని, మావగారు ఆ ముక్క పది ఊళ్ళలో చెప్పుకుని మురిసిపోయాక, బోనెక్కి "అయ్యా, నేను గుమాస్తానే" అని రుజువు చేసుకోవడానికి ఏ గోదావరి అల్లుడికి నోరొస్తుంది?

ఈ దింపుకి ముహూర్తం పెట్టింది ఆగస్టులో వచ్చిన కన్సల్టెంట్లు. ఇద్దరు కుర్రాళ్ళు, గుర్గావ్ నుంచి. సరిగ్గా పులస దొరికే రోజుల్లో రావడం వాళ్ళ అధ్యయనంలో భాగమో కాదో నేను చెప్పలేను. పుస్తెలమ్మయినా పులస తినాలని మన సామెత. వీళ్ళు మా కుర్చీలమ్మి తిన్నారు.

నాలుగు రోజులు ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని కౌంటరు పక్కన కూర్చున్నారు. ఒక్కో కస్టమరుకి అరగంట పడుతోందని, అందులో పావుగంటకి బీమాతో సంబంధమే లేదని తేల్చారు. ఆ పావుగంట ఏం మాట్లాడతారని అడిగారు. సార్వా ఊడ్పులు అయ్యాయా, రొయ్య కిలోకి ఎన్ని తూగే కౌంటుకొచ్చింది, పంటకాలువలో తూడు తీయించారా, పెద్దమ్మాయికి ఎన్నో నెల, ఇవీ మాటలు. మన దగ్గర మనిషి వచ్చి కూర్చోగానే "ప్రీమియం ఎంత కడతారు" అని అడిగితే గుమ్మంలోనే వెళ్ళగొట్టినట్టు లెక్క. పైగా అందులో మా పని కూడా ఉంది. మొదటి ఏడాది కట్టినవాడు పదమూడో నెల మళ్ళీ కడతాడా లేదా అని పై ఆఫీసులో గ్రాఫులు గీసి జుట్టు పీక్కుంటారు. చెరువులో రొయ్యకి వైట్ స్పాట్ తెగులు వచ్చి ఎదగకుండానే పట్టేశారంటే మాకు ఆ సమాధానం అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఇదంతా వివరంగా చెప్పాను. నివేదికలో మాత్రం ఆ పావుగంటకి 'నాన్ వాల్యూ యాడెడ్ టైమ్' అని పేరు పెట్టారు. మనం మర్యాద అంటాం. అనువాదంలో కాస్త తేడా వచ్చినట్టుంది.

వాళ్ళున్నప్పుడే గోదావరి పెరిగింది, ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. అదేమిటని అడిగారు. బ్యారేజీ దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకి వస్తే మొదటి హెచ్చరిక: నది మధ్య లంకల్లోవాళ్ళు పశువుల్ని ఏటిగట్టు ఎక్కిస్తారు. 13 లక్షలకి రెండోది: బియ్యం బస్తా, పొలం పాసుపుస్తకం, మా కంపెనీ బాండు అటక మీదికెళతాయి. 17 లక్షలకి మూడోది: ఇక మనిషి కదలాలి. 2022 జులైలో 25 లక్షలు దాటి వచ్చినప్పుడు కూడా ఈ మూడూ వరసగా చెప్పే వచ్చింది గోదారి. ఒక కుర్రాడు శ్రద్ధగా విని, "ముందే చెప్పేస్తే జనం వెళ్ళిపోరా?" అన్నాడు.

"వెళ్ళడానికే కదండీ చెప్పేది," అన్నాను.

రాసుకున్నాడు. ఎక్కడ రాసుకున్నాడో మరి.

(సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. 1956లో 245 బీమా, ప్రావిడెంటు సంస్థల్ని కలిపి జీవిత బీమా సంస్థ ఎల్‌ఐసీని పెట్టినప్పుడు, వాటి ఉద్యోగుల్ని కూడా అందులోకే తీసుకున్నారు. ఆ రోజుల్లో స్టాప్‌వాచీ పట్టుకుని వచ్చినవాళ్ళు లేరు కాబోలు, ఎవర్ని వదిలించుకోవాలో తెలియక అందర్నీ ఉంచేశారు పాపం.)

ఇక మా క్లెయిమ్స్ సీటు అతని సంగతి. పొడుగ్గా ఉంటాడు, ముమ్మిడివరం నుంచి బండి మీద వస్తాడు, 11 ఏళ్ళ సర్వీసు. అంతకుముందు సేల్స్‌లో ఉండగా లంకలన్నీ తిరిగి పాలసీలు కట్టించినవాడు. పెద్దాయన ప్రసంగం అయిన మర్నాడు హాజరు యాప్‌లో మొహం పెడితే 'మీ ముఖం గుర్తించలేకపోయాం' అంది. ముందురోజు క్షవరం చేయించుకున్నందుకేమో అనుకున్నాడు. లాప్‌టాప్ తెరిస్తే పాస్‌వర్డు తప్పంది. మోడెం ఆర్పి వెలిగించాడు. అటెండరుని పిలిచి ఇన్వర్టరు చూడమన్నాడు. హెల్ప్‌డెస్కుకి ఫోను చేస్తే టికెట్టు నంబరిచ్చారు. ఊరికే కూర్చోలేక, వచ్చినవాళ్ళ ఫారాలు మధ్యాహ్నం దాకా చేత్తో నింపిపెట్టాడు. రెండున్నరకి ఏ ఊరి నుంచో హెచ్‌ఆర్ అమ్మాయి ఫోను చేసి ఎనిమిది నిమిషాల్లో ముగించేసింది. ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదండీ అని అడిగితే, చెబితే పని మీద ధ్యాస పోతుంది సార్ అంది. సాయంత్రం ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుంటుంటే మెసేజి వచ్చింది: 'మీ టికెట్టు పరిష్కరించి మూసివేశాం. మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు?'

అతన్ని కూడా తీసెయ్యలేదని పాఠకులు గమనించాలి. రాజీనామా అతనే ఇచ్చుకున్నాడు. ఇచ్చుకుంటే రిలీవింగ్ లెటరు శుభ్రంగా వస్తుందని, లేకపోతే రేపు ఇంకోచోట చేరేటప్పుడు ఇబ్బంది కావచ్చని ఆ అమ్మాయి మేలుకోరి చెప్పింది. బీమాకి పునాది నమ్మకం, ఉన్న సంగతి దాచకూడదు అని మాకు ట్రైనింగ్‌లో మొదటిరోజే చెబుతారు. షుగరు దాచిపెట్టి పాలసీ తీసుకున్నవాడి క్లెయిము ఆపేస్తాం. అదీ మూడేళ్ళ లోపే సుమా. పాలసీ మూడేళ్ళు నిలిచాక ఏ కారణం చూపించీ దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదని 1938 నాటి బీమా చట్టంలో 45వ సెక్షను ఉంది. మూడేళ్ళ కాగితానికున్న భద్రత 11 ఏళ్ళ మనిషికి ఎందుకు లేదని కొందరు అమాయకంగా అడుగుతున్నారు. కాగితం ప్రీమియం తెస్తుంది, మనిషి జీతం అడుగుతాడు. ఇందులో తికమక ఏముంది? కట్టడం మర్చిపోయినవాడికి సైతం మేం గడువిస్తాం, నెలవారీ కిస్తీకైతే 15 రోజులు, ఏడాది కిస్తీకైతే 30. అతనికీ ఇచ్చాం, ఎనిమిది నిమిషాలు.

ఉద్యోగంతోపాటే అతని గ్రూపు ఆరోగ్య బీమా కూడా ఆ రాత్రితో సరి. వాళ్ళమ్మగారికి మోకాలి ఆపరేషను చేయిద్దామనుకుంటున్నారు అప్పుడే. మూడోరోజున మా కాల్ సెంటరు నుంచే ఫోనొచ్చింది: "సార్, మీకు ప్రస్తుతం ఆరోగ్య బీమా లేనట్టు కనిపిస్తోంది. రేపన్నది మన చేతిలో ఉందా సార్?" చివరి వాక్యం విని అతను మురిసిపోయాడట. ఆ స్క్రిప్టు తెలుగులో బాగోలేదంటే రెండేళ్ళ కిందట కూర్చుని దిద్ది ఇచ్చింది అతనే.

మిగిలినవాళ్ళం అదృష్టవంతులం. తొమ్మిదిమంది బ్రాంచిలో నలుగురం ఉన్నాం. పొద్దున్న క్లెయిములు, మధ్యాహ్నం క్యాషు, చీకటిపడ్డాక నా అసలు పని చూసుకుంటున్నాను. దీన్ని మల్టీ స్కిల్లింగ్ అంటారు. మా అమ్మ జీవితాంతం ఇదే చేసింది, దీనికో పేరుందని ఆవిడకి తెలీదు. మా టెన్షన్ తగ్గించడానికి శుక్రవారాలు ఆన్‌లైన్లో ధ్యానం క్లాసు కూడా పెట్టారు. కళ్ళు మూసుకుని నది ఒడ్డున కూర్చున్నట్టు ఊహించుకోమంటారు. ముంబైలో ఎలా ఉంటుందో గానీ, లంకలో పుట్టినవాడు కళ్ళు మూసుకుంటే కనపడేది ఏటి కోత. వరద నిండుగా ఉన్నప్పుడు గట్టు బాగానే నిలబడుతుంది. నీళ్ళు తీశాక జారుతుంది. ఇవాళ పక్కవాడి అరటితోట, రేపు మన హద్దురాయి.

పోయిన వారం పంటు మీద ఏరు దాటి ఒక మామ్మగారొచ్చింది. బాండుని పాలిథిన్ కవర్లో చుట్టి, దాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని తెచ్చింది. మా కౌంటర్లో ఇప్పుడొక తెర ఉంది, కన్సల్టెంట్ల సలహా మీద పెట్టిన ఏఐ. దానికి తెలుగొచ్చు.

"నమస్కారం. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"ఆయ్," అంది మామ్మగారు.

"క్షమించండి, మీ ప్రశ్న అర్థం కాలేదు."

"ఆయ్, పర్లేదండి," అంది ఆవిడ, దాన్ని నొప్పించడం ఇష్టంలేక.

మూడుసార్లు అర్థం కాక అది ఆవిణ్ణి నా దగ్గరికి తోలింది. టూకీగా చెప్పాలంటే, మా బ్రాంచిలో ఆయ్ పోయి ఏఐ వచ్చింది.

"ఆ పొడుగబ్బాయి లేడా బాబూ?" అంది మామ్మగారు.

'వారు ఇతర అవకాశాల నిమిత్తం సంస్థను వీడారు' అని చెప్పమని మాకు మెయిలొచ్చింది. అలాగే చెప్పాను. ఆవిడ కాసేపు నా మొహంకేసి చూసి, "తీసేశారా?" అంది. ఆవిడకీ ఇంగ్లీషు రాదు.

"మరి నా కాయితం?"

"దానికేం కాదండి మామ్మగారూ, కంపెనీ ఉంది కదా."

"కంపెనీని నేనెప్పుడు చూశాను నాయనా, ఆ అబ్బాయిని చూసి కట్టాను."

కట్టించినవాడు వెళ్ళిపోతే ఆ పాలసీని మా భాషలో ఆర్ఫన్ పాలసీ అంటారు, అనాథ అన్నమాట. వాటి లిస్టు తయారుచేసి ఒక్కోదాన్నీ ఎవరో ఒకరికి అప్పగిస్తారు. మామ్మగారి కాయితం నా పాలబడింది. కాగితం అనాథ అయితేనే చూస్తూ ఊరుకోలేని సంస్థని పట్టుకుని జాలి లేదంటారా? ఆవిడ వెళ్తూ వెళ్తూ నాలుగు కొబ్బరికాయలు బల్లమీద పెట్టి, అతనికిమ్మంది.

ఆదివారం ముమ్మిడివరం వెళ్ళి ఇచ్చొచ్చాను. బావమరిది రొయ్యల చెరువు మీద పాకలో ఉన్నాడు, రాత్రి కాపలాకి. కరెంటు పోతే జనరేటరు వేసి ఏరియేటర్లు తిప్పాలి, లేదంటే తెల్లారేసరికి సరుకంతా పోతుంది. "ఇక్కడ నయమండీ," అన్నాడు. "గాలి అందకపోతే రొయ్య ముందే నీళ్ళ పైకొచ్చి తిరుగుతుంది. మనకి తెలుస్తుంది." మామ్మగారి బాండు ఎప్పటికి మెచ్యూరవుతుందో నోటికి చెప్పాడు. సిస్టంలో చూసుకుంటే సరిగ్గా అదే తేదీ.

లేచి వస్తూ, "ఇంతకీ ఆ స్టార్ల మెసేజికి జవాబిచ్చావా?" అని అడిగాను.

"ఇవ్వకపోతే ఎలాగండి, అడిగాక."

"ఎన్నిచ్చావు?"

"ఐదూ ఇచ్చేశానండి. తగ్గిస్తే ఆ హెల్ప్‌డెస్కు కుర్రాణ్ణి తీసేస్తారేమోనని."