అమ్మ గొంతే కదా అనుకుంది

మా అమ్మాయి అలమరలోంచి ‘ట్వైలైట్’ తీసి చదివాను, నవ్వుకోవడానికే అనుకోండి. స్టెఫెనీ మేయర్ రాసిన ఈ నవల 2005లో వచ్చింది. పేరెత్తితే చాలు, నీ రక్తం వాసనకే నోరూరుతోందని చెప్పిన రక్తపిశాచి ఎడ్వర్డ్‌ని పదిహేడేళ్ల బెల్లా ఎలా నమ్మిందన్న చర్చ మొదలవుతుంది. నాకు ఆ నమ్మకం అంత గొప్పగా ఏమీ అనిపించలేదు. తన వల్ల ప్రమాదమని ఎడ్వర్డ్ చెప్పాడు, సరే, కానీ ఆ పిల్లకి తెలియకుండా రాత్రిళ్లు గదిలో దూరి, నిద్రపోతుంటే చూస్తూ కూర్చున్నాడు కూడా. దానికి మురిసిపోయే పిల్లలుంటే అది తప్పని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

నన్ను వదలనిది చివర్లో వచ్చే ఫోన్ కాల్. బెల్లాని వేటాడుతున్న మరో రక్తపిశాచి జేమ్స్ చేస్తాడు. ముందు అమ్మ గొంతు, కంగారుగా పేరు పెట్టి పిలుస్తూ. ఇంకేముంది, కాపలా ఉన్నవాళ్లకి ఒక్క ముక్క చెప్పకుండా, ఎయిర్‌పోర్టులో వాళ్ల కళ్లుగప్పి, ఒంటరిగా వాడు రమ్మన్న డాన్స్ స్కూలుకి పరిగెత్తింది. తీరా చూస్తే అమ్మ లేదు, టీవీలో ఇంట్లో తీసుకున్న పాత వీడియో ఆడుతోంది. చిన్నప్పుడు బెల్లా నీళ్ల మీదికి మరీ వంగితే అమ్మ హడలిపోయి వేసిన కేక అది! ఇప్పుడు టేపు దొంగిలించే శ్రమ కూడా అక్కర్లేదు, మనం పోస్ట్ చేసిన చిన్న వీడియోలోని గొంతుని ఏఐతో కాపీ కొట్టి, మనవాళ్లే ఏడుస్తున్నట్టు ఫోన్ చేసి డబ్బడుగుతున్నారు. ఎవరికీ చెప్పొద్దంటారు, టైమ్ లేదంటారు. జేమ్స్ చేసిందీ అచ్చం అదే.

అంతకుముందు నాన్న చార్లీ సంగతి ఉంది. జేమ్స్ నుంచి ఆయన్ని కాపాడాలనే, ఒకప్పుడు భార్య వదిలి వెళ్లిపోతూ అన్న మాటల్నే కూతురు మళ్లీ ఆయన మొహాన కొట్టి వెళ్లిపోతుంది. ఊరికి పోలీస్ చీఫ్, గుమ్మంలో కొయ్యబారిపోతాడు. కథంతా బెల్లా వైపు నుంచే పరిగెడుతుంది కానీ, నేను మాత్రం, వయసు ప్రభావం కాబోలు, చార్లీ దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. నిజం చెప్పినా ఆయన చేయగలిగింది ఏమీ లేదు, అదీ నిజమే.

పుస్తకం తిరిగిస్తూ మా అమ్మాయిని అడిగాను, రేపు నా గొంతుతో ఎవరైనా ఫోన్ చేస్తే నేను కాదని ఎలా కనిపెడతావని. “ముందు నువ్వు కనిపెట్టగలవా, చెప్పు” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇద్దరికే తెలిసిన ప్రశ్న ఒకటి పెట్టుకున్నాం. అదేంటో ఇక్కడ రాయను లెండి.