వారసత్వానికి రీటేక్

గోదావరి జిల్లాల వారసత్వానికి ఇక ఏ ఢోకా లేదు. దాన్ని కాపాడటానికి రీల్స్ తీసే ఒక కుర్రాడు డ్రోన్ పట్టుకుని మరీ దిగాడు. పరిశోధన పూర్తి చేసుకునే వచ్చాడట. ఎక్కడ చేశావు నాయనా అంటే ఫోన్ చూపించాడు. రాజమండ్రిలో బస్సెక్కి రావులపాలెంలో దిగేలోపు అయిపోయిందన్నాడు. బస్సు ఇంకో గంట లేటయితే డాక్టరేట్ కూడా వచ్చేసేది, మన దురదృష్టం.

ముందు పి.గన్నవరం అక్విడక్టు దగ్గరికి తీసుకెళ్లాను. కింద వైనతేయ నది, పైన ఒకప్పటి కాలువ. 49 ఆర్చీలు 1852 నుంచి చాన్నాళ్లు కాలువని భుజాన మోసుకుని నది దాటించిన కట్టడం. ఎవరు కట్టారన్నాడు. తెల్లదొరల ఇంజనీర్లన్నాను. మొహం ముడుచుకుని, "రాజులు కట్టించారంటే జనం చివరిదాకా చూస్తారండీ" అన్నాడు. సెంటరుకో విగ్రహమున్న కాటన్ దొర ఏమనుకుంటాడోనని నాకు కాస్త టెన్షన్ పట్టుకుంది.

ద్రాక్షారామంలో అయితే మనవాడికి మరీ నిరాశ. శాసనాల నిండా ఎవరు ఏ దీపానికి ఎన్ని గొర్రెలిచ్చారన్న లెక్కలే. నిధి సంగతి ఎక్కడైనా రాశారా అని రెండుసార్లు అడిగాడు. వందల ఏళ్లు దీపం ఆరకుండా ఉండటానికి నెయ్యి ఎక్కణ్నుంచి తేవాలో లెక్క కట్టినవాళ్ల బుర్ర కన్నా పెద్ద నిధి ఏముంటుందో నాకు తెలీదు. మనకి డ్రోన్ లేదు కదా.

సాయంత్రానికి ఆత్రేయపురం చేరాం. అక్కడి పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కాబట్టి అవి ఇప్పుడు అధికారికంగా కూడా తియ్యనే. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకు మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి జావ. మామ్మగారు గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగారు. రెప్ప వేసేలోపు రేకు అంటుకోవడం, ఆరడం, చేతిలోకి రావడం అయిపోయాయి.

"మామ్మగారూ, కొంచెం స్లోగా లాగండి, ఫోకస్ కుదరట్లేదు."

"స్లోగా లాగితే ముద్దయి మాడిపోద్ది బాబూ."

"పర్లేదండీ, ఎడిటింగ్‌లో చూసుకుంటాను."

ముద్దయింది, మాడింది. మళ్లీ లాగమన్నాడు. ఈసారి "ఆయ్" అనలేదని రీటేక్. తరవాత నేతచీర బదులు నైటీలో ఉన్నారని రీటేక్. మంట ఎక్కువైతే రేకు ఎందుకు చిట్లుతుందో, కొత్త కుండని ఎలా పదును చెయ్యాలో ఆవిడ చెబుతూనే ఉన్నారు. అంత లెంగ్త్ వద్దండీ, రీల్ ముప్పై సెకన్లేనన్నాడు.

చీకటి పడ్డాక సామాను సర్దుకుంటుంటే మామ్మగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మాడిన రేకులు ఇరవై మూడు బాబూ, డబ్బులిచ్చి కదులు" అన్నారు.

కుర్రాడి కళ్లు మెరిశాయి. "మామ్మగారూ, ఈ మాట సూపరండీ. ఒక్కసారి కెమెరా వైపు చూసి చెప్పండి, చివర్లో ఆయ్ కలిపి."


ఆవిడ చెప్పలేదు. గుడ్డ జావలో ముంచి, మంట ఎగదోసి, మళ్లీ తన స్పీడులో లాగడం మొదలెట్టారు.