మా చెల్లిని కాసేపు పడుకోనిస్తారా?

ఇప్పుడే ఆటో ఎక్కి వెళ్ళారు. ఇది రాయకపోతే రాత్రికి నాకు నిద్ర పట్టదు.

చెల్లికి కాన్పయి ఇది మూడో వారం. వాళ్ళ అత్తగారు, ఆడపడుచు పిల్లని చూడ్డానికొచ్చారు. రానివ్వండి, సంతోషమే. పిల్ల ఏడ్చింది. మూడు వారాల పిల్ల ఏడవక పద్యాలు చదువుతుందా? అంతే, ప్రతి బాలింతా భయపడే ఆ మాట పెద్దావిడ నోట్లోంచి ఊడిపడింది: "పాలు సరిపోతున్నట్టు లేవమ్మా!" ఆ మాట పూర్తికాకుండానే ఆడపడుచు బ్యాగులోంచి డబ్బా తీసింది. "వదినా, శతావరి గ్రాన్యూల్స్, పాలు పడే మూలిక. పొద్దున రెండు చెంచాలు, రాత్రి రెండు చెంచాలు." అంటే ఇంటి దగ్గరే తీర్పు రాసుకొచ్చారన్నమాట. పిల్ల నవ్వినా ఆ డబ్బా బయటికొచ్చేదే.

డబ్బా వెనక్కి తిప్పి చూశా. మొదటి పేరే చక్కెర. శతావరి ఎక్కడో అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. కడుపుతో ఉన్నన్నాళ్ళూ షుగరొచ్చి వేళ్ళు పొడుచుకుని చూసుకున్న మనిషికి ఈ కానుక! పైగా డబ్బా మీద గడ్డం ఋషి బొమ్మొకటి. ఆయుర్వేదం చెప్పిన చరకుడు పాలు పుట్టించే మూలికలని ఓ పది చెప్పాడు, అందులో శతావరి లేనే లేదు. దర్భ, కుశ, రెల్లు, వరి, ఇలాంటి వాటి వేళ్ళున్నాయి. మరి గోదావరి లంకల్లో రెల్లుకి కొదవా? పైసా ఖర్చు లేకుండా పీక్కొచ్చుకోవచ్చు కదా.

ఆకులంటే నాకేం కోపం లేదు. మా అమ్మ చేసే తెలగపిండి మునగాకు కూర ముందు ఏ డబ్బా అయినా దిగదుడుపే. మునగాకు ఉడుకుతున్న ఎసట్లో తెలగపిండి పోసి, నీరంతా ఇగిరి పొడిపొడిలాడేదాకా మగ్గనిచ్చి, పైన చితక్కొట్టిన వెల్లుల్లి గుప్పెడు వేసి పోపు పెడుతుంది. వేడన్నంలో నువ్వుల నూనె వేసుకుని కలుపుకుంటే చెల్లి మారన్నం అడుగుతోంది. అదీ తిండి! నీరసించిన ఒంటికి బలం. ఫిలిప్పీన్స్ వాళ్ళు కూడా బాలింతలకి మునగాకు చారే పోస్తారు. అంతేగానీ ఆకు మింగగానే పాలు పొంగుకొస్తాయని మా అమ్మ ఏనాడూ అనలేదు. మెంతుల సంగతీ అంతే. కొంతమంది పనిచేశాయంటారు, గట్టి రుజువైతే లేదు. షుగర్ మాత్రలో, రక్తం పలచబడే మందులో వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా చెంచాలకి చెంచాలు మింగితే తంటా. మూలికే కదా, ఏమవుతుందనే మాట వింటే నాకు ఒళ్ళు మంట. గన్నేరు కూడా మొక్కే తల్లీ.

పిల్ల రోజుకి ఆరేడు గుడ్డలు తడుపుతోంది. పుట్టినప్పటి బరువు దాటింది. డాక్టరమ్మ తూకం వేసి చూసి మరీ చెప్పింది. సాయంత్రమయ్యేసరికి పసిపిల్లలు రొమ్ము వదలకుండా వరసపెట్టి తాగడం మామూలే. తాగినకొద్దీ ఊరతాయి పాలు, దాచిపెడితే కాదు. ఆ అత్తగారి మాటకి భయపడి డబ్బా పాలు పట్టారనుకోండి, పిల్ల చీకడం తగ్గుతుంది, పాలు నిజంగానే తగ్గుతాయి. అప్పుడు "నేను ముందే చెప్పలా?" అంటారు. నిజంగానే పాలు తక్కువైతే థైరాయిడ్ చూడాలి, కడుపులో మాయ ముక్కేమైనా మిగిలిందా చూడాలి, పిల్ల నోటి పట్టు కుదిరిందా చూడాలి. గ్రాన్యూల్స్ వచ్చి చూస్తాయా ఇవన్నీ?

వాళ్ళు వెళ్ళాక చెల్లి గదిలో కూర్చుని, పాలొస్తున్నాయో లేదో రొమ్ము పిండి చూసుకుంటూ ఏడుస్తోంది. పొద్దున దాకా బానే ఉంది మనిషి.

దాన్ని చూస్తుంటే నా కాన్పే గుర్తొచ్చి ఇంకా మండుతోంది. నేను ఆపరేషన్ మత్తులో ఉండగానే "సిజేరియన్ కదా, మూడ్రోజులు పాలు రావు" అని ఆసుపత్రిలో మావాడికి డబ్బా పాలు పట్టేశారు. మొదటిరోజు పిల్లాడి పొట్టకి ఒక్కోసారి చెంచాడు ముర్రుపాలు చాలునని నాకు చెప్పిన నాథుడు లేడు. పాలడబ్బాల ప్రచారం చెయ్యకూడదని 1992 నుంచీ చట్టముంది, ఆ వార్డు గోడ మీద మాత్రం డబ్బా బొమ్మ క్యాలెండరుంది. ఇంటికొస్తే మా అత్తగారు నీళ్ళు తాగనివ్వలేదు. పొట్ట జారుతుందట! మే నెలలో, నాలుక పిడచగట్టుకుపోతుంటే, పూటకి అరగ్లాసు కాచిన నీళ్ళు. మళ్ళీ ఆవిడే "పాలెందుకు రావట్లేదే?" అని దీర్ఘాలు. ఈ పోస్టు ఆవిడ చూస్తారని తెలుసు. చూడనివ్వండి.

26 వారాల సెలవయ్యాక ఆఫీసుకెళ్తే అక్కడింకో వైభోగం. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల గది ఉండాలని 2017లో చట్టం మార్చారు. మా దాంట్లో స్టేషనరీ గది చూపించారు, గడియ లేదు. ప్రింటర్ కాగితాల కోసం మనుషులు తలుపు తోసుకుని వస్తుంటే పాలు పిండుకున్నాను నేను.

ఇక కామెంట్లలో "మా అమ్మమ్మ పదిమందిని కని పెంచింది" అని మొదలుపెట్టేవాళ్ళకి ముందే చెప్తున్నా. మీ అమ్మమ్మకి గుడ్డలుతికి, పిల్లనెత్తుకుని, నీళ్ళు కాచి పోసే పిన్నులూ వదినలూ ఇంటినిండా ఉండేవాళ్ళు. మా అమ్మకి మోకాళ్ళు పనిచెయ్యవు, మా చెల్లికి ఉన్నది నేనొక్కదాన్నే. నాకు సోమవారం ఆఫీసుంది.